వినపడని చోట గీత

డాక్టరు గొంతు మళ్ళీ పోయింది. రోగి ఎడమకాలి వాపు గురించి చెబుతున్నవాడు చెబుతున్నట్టే ఉన్నాడు, తెర మీద సెకన్లు కదులుతూనే ఉన్నాయి. జ్యోతిర్మయి చెవుల్లో మాత్రం బరబరమని ఓ చప్పుడు వచ్చి, ఆ తర్వాత ఏమీ లేదు. రికార్డింగుని వెనక్కి తిప్పే, కాలి కింద ఉన్న పెడల్‌ని మడమతో నొక్కింది. డాక్టరు వెనక్కి వచ్చి కాలి వాపు దగ్గర మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే పోయాడు. కంప్యూటర్ వెనక్కి వంగి హెడ్‌ఫోన్ పిన్నుని పట్టుకుని మెలితిప్పితే ఎడం చెవిలోకి కాస్త వచ్చాడు. చెయ్యి తీసేస్తే లేడు.

“ఒక చేత్తో నిన్ను పట్టుకుని ఇంకో చేత్తో టైపు కొట్టాలా?” అని కంప్యూటర్నే అడిగింది. పళ్ళు నూరుకుంటూ ఆ మాట ఉండాల్సిన చోట ఒక గీత పెట్టింది.

ఆమె చేస్తున్న పని బందరులో అప్పటికి కొత్త. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక రాసుకోవాల్సింది రాసుకోకుండా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది ఎన్ని చేతులు మారుతుందో గాని, గుడివాడలో ఒక మేడ మీది ఆఫీసుకి చేరి, అక్కడ సీడీలో పడి, బస్సులో ఆమె ఇంటికి వస్తుంది. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో టైపు చేసి పంపాలి. ట్రైనింగులో అన్నిటికంటే ముందు చెప్పిన రూలు ఒకటుంది. వినపడని చోట ఊహించి రాయకూడదు, గీత పెట్టాలి. మందూ మాకూ వ్యవహారం కాబట్టి అలా పెట్టారు. ఆమెతోపాటు ట్రైనింగైనవాళ్ళు చాలామంది ఆ గీతల చోట తమకి తోచిన మాట పడేసి పంపేవాళ్ళు. పేజీ నిండుగా కనపడేది. జ్యోతిర్మయికి అది చేతకాలేదు. వినపడకపోతే వినపడలేదని గీత పెట్టేది. ఆ నిజాయితీకి దక్కిన బహుమతి ఆ మధ్యాహ్నం ఫోన్లో వచ్చింది.

“జ్యోతిర్మయి గారూ, పేజీలో ఇన్ని గీతలేంటండీ? దువ్వెనలా ఉంది,” అన్నాడు రాజ్‌కుమార్. గుడివాడ ఆఫీసులో ఫైళ్ళు దిద్దేది ఇతనే. ఈ పరీక్ష ఫైళ్ళు చూసి ఇతను సరే అంటే ఉద్యోగం, కాదంటే లేదు.

“సౌండు పోతోందండీ. ఉన్నట్టుండి పోతుంది, ఉన్నట్టుండి వస్తుంది.”

“అదే సీడీ ఇంకా నలుగురికిచ్చాం. వాళ్ళందరికీ వినపడింది.”

“మా కంప్యూటర్లో ఏదో తేడా ఉందండీ.”

“అందరూ కంప్యూటర్నే అంటారండీ. ఏమీ అనుకోకండి, ఓసారి చెవులు చూపించుకోండి. వినికిడి సమస్య అని రిమార్కు కూడా పెట్టేశాను, తర్వాత నన్నెవరూ అడక్కుండా. శనివారానికి ఇవ్వాల్సిన ఫైలొక్కటీ చూస్తాం. అదీ ఇలాగే ఉంటే మాత్రం ఇంక కష్టమండి.”

ఫోను పెట్టేశాక ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెవులట! అవనిగడ్డ కాలేజీలో మూడేళ్ళూ లెక్చరర్లు గొణిగిన నోట్సు ఒక్క మాట పోకుండా రాసింది తనే. పరీక్షలొస్తే క్లాసు క్లాసంతా తన పుస్తకం కోసం ఇంటి చుట్టూ తిరిగేది. అలాంటి తనకి వినికిడి సమస్య! అది రాసినవాడు తన మొహం కూడా సరిగ్గా చూసి ఉండడు. రేపు ఇంకో ఆఫీసు వాడు అడిగితే ఇదే చూపిస్తాడు. ఈ పని చేసేవాళ్ళకి చెవి పోయిందని రాస్తే ఇంకేం మిగిలింది?

నిజానికి ఆ ఇంట్లో చెవులు పోయిన మనిషి ఒకరున్నారు. మావగారు అంకమ్మరావు. గిలకలదిండి రేవులో మరబోటు ఇంజను డ్రైవరుగా చేసి చేసి, ఆ డీజిలింజను పక్కనే కూర్చుని కూర్చుని, చెవులు రెండూ దానికే అప్పగించి ఇంటికొచ్చాడు. ఆయనతో మాట్లాడాలంటే అరవాలి. అందరూ అరుస్తారు. కానీ చెవుడు అనే మాట మాత్రం ఆ గడపలో ఎవరూ అనరు. పిలిచినా పలక్కపోతే, “ఏదో ఆలోచనలో ఉన్నాడులే,” అంటుంది అత్తగారు పున్నమ్మ. కొడుకు దుర్గాశ్రీనివాస్ అయితే తండ్రికి వినపడలేదని తెలిసినా అదే మాట ఇంకోలా చెబుతాడు, మొదటిసారి తను సరిగ్గా చెప్పనట్టు.

ఆ సాయంత్రం అంకమ్మరావు లోపలికొచ్చి ఎప్పటిలాగే కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూసే అలవాటది.

“మిషను బాగా నడస్తందా అమ్మా?”

“నడవట్లేదు మావయ్యా! సౌండు రావట్లేదు!” అని అరిచింది జ్యోతిర్మయి.

“ఆఁ. నాకు తెలస్తానే ఉంది, బాగా నడస్తంది,” అని తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు.

ఎండుచేపల గంప దించుకుని చెమట తుడుచుకుంటున్న పున్నమ్మ ఇదంతా చూసింది. “ఆ పెట్టెలో దొర నసుగుతున్నాడేమోనే. వేరే దొరని పెట్టమనరాదా వాళ్ళని?” అంది.

భర్తకి చెబితే ఇంకా బాగుంది. అతను ఐసు ఫ్యాక్టరీలో మిషను రూము చూసుకుంటాడు. చేతులు కడుక్కుంటూ నెమ్మదిగానే అన్నాడు. “పోతే పోనీ జ్యోతీ. దీనికింత బాధెందుకు? నువ్వు చెయ్యకపోతే ఇల్లు గడవదా? హాయిగా ఇంట్లో ఉండు.” రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, “ఎందుకైనా మంచిది, ఓసారి డాక్టరుకి చూపిద్దామా, చెవులు?” అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న గ్లాసు గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టింది. ప్రేమగా అన్నాడని తెలుసు. అందుకే ఇంకా మండింది.

మర్నాడు కంప్యూటర్ని కోనేరు సెంటర్లో పోతురాజు షాపుకి తీసుకెళ్ళింది. దాన్ని కూర్చి అమ్మింది అతనే. ఆటోలో మావగారు కూడా ఎక్కాడు. వద్దన్నా ఆయనకి వినపడదు, వినపడినా దిగడు. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా తన తుండుగుడ్డ దాని మీద కప్పి పట్టుకున్నాడు.

పోతురాజు పెట్టెని బల్ల మీద పెట్టి తన స్పీకర్లు తగిలించాడు. సినిమా పాట షాపంతా మారుమోగింది. బయట నడిచేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

“చూశారామ్మా, ఎంత క్లియర్‌గా ఉందో,” అన్నాడు.

“నా హెడ్‌ఫోన్‌తో చూడండి.”

హెడ్‌ఫోన్ పిన్నుని కన్నంలో పెట్టాడు. తీశాడు, అటూ ఇటూ తిప్పాడు, మళ్ళీ పెట్టాడు. మొదట గరగరమంది. నాలుగుసార్లు తిప్పేసరికి చక్కగా వచ్చింది. ఎందుకొచ్చిందో అతనూ ఆలోచించలేదు, ఆమే అడగలేదు.

“ఇంట్లో ఇంకెవరైనా వాడతారా అమ్మా? మీరేనా? మీకు తెలీకుండా వాల్యూం తగ్గించేసుంటారు. ఆడవాళ్ళకి మౌసు సరిగ్గా ఆగదు చేతిలో,” అన్నాడు పోతురాజు నవ్వుతూ. నవ్వుతూనే సౌండుని నడిపే ప్రోగ్రాములు, డ్రైవర్లంటారు వాటిని, తీసేసి మళ్ళీ ఎక్కించాడు. జ్యోతిర్మయి ఏమైనా అంటే పని ఆపేస్తాడని ఊరుకుంది. ఊరుకున్న ప్రతి మాటా లోపల పోగుపడుతోంది.

ఇంటికి తెచ్చాక నిజంగానే పనిచేసింది. డాక్టరు గొంతు రెండు చెవుల్లోనూ గంటలా మోగింది. సాయంత్రం దాకా ఆమె ఒక్క గీత పెట్టలేదు. “గాలిలో తిరిగొచ్చింది పాపం,” అని మావగారు పెట్టె వెనకాలకి తొంగి చూసి ఏదో గొణుక్కుంటుంటే, ఆయన వైపు చూసి నవ్వింది కూడా. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే.

మర్నాడు పొద్దున్నే వంట ముగించి, చెయ్యి తుడుచుకుని కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బరబరమంది. కుడి చెవిలో ఏమీ లేదు. ఎడం చెవిలో డాక్టరు నీళ్ళల్లో మునిగి మాట్లాడుతున్నట్టున్నాడు.

ఆ రోజంతా ఆమె దానితో యుద్ధం చేసింది. తెర మూల వాల్యూం బొమ్మ చూసింది, నిండుగానే ఉంది. ఆపి మళ్ళీ పెట్టింది. పోతురాజు చేసినట్టే డ్రైవర్లు తీసి సీడీలోంచి మళ్ళీ ఎక్కించింది. ఫైలు చెడిపోయిందేమోనని పాటల సీడీ పెట్టింది. పాటలో వాయిద్యాలు మిగిలి పాడే గొంతు పోయింది. ఫ్యాను ఆపింది, ట్యూబులైటు ఆపింది. కిటికీలోంచి సముద్రపు గాలి జిగటగా కొడుతుంటే, ఈ గాలి వల్లేమోనని తలుపులన్నీ మూసుకుని ఉక్కలో కూర్చుంది. చెమటలు కారాయి గాని సౌండు రాలేదు. ఆ ఇంట్లో ఆమె వెతకని చోటు లేదు, తిట్టని వస్తువు లేదు. “పని చెయ్యకపోతే అసలు చెయ్యకు! కాసేపు చేసి ఎందుకు ఆశ పెడతావ్?” అని పెట్టెని చేత్తో కొట్టింది. ఆ దెబ్బకి క్షణంపాటు వచ్చి మళ్ళీ పోయింది. అది వెక్కిరించినట్టే అనిపించింది.

శుక్రవారం పక్కింటికెళ్ళి వాళ్ళ చిన్న టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ అడిగి తెచ్చింది. దాన్ని తగిలిస్తే కాస్త గరగరమని తర్వాత బాగానే వచ్చింది. అంటే తేడా తన హెడ్‌ఫోన్లో ఉంది. తన పిన్నుని బయటికి లాగి, బల్ల మీద తెల్లకాగితం మీద పెట్టి, టీ పెట్టుకుందామని లేచింది. తిరిగొచ్చేసరికి పిన్ను కింద కాగితం మీద నూనె మరక, చుట్టూ సన్నటి నల్లగీత.

వంగి చూస్తే కంప్యూటర్ కన్నం అంచున కూడా అదే మెరుస్తోంది. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. గ్రీజు. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. వారం వారం భర్త చొక్కాల చేతుల మీంచి బ్రష్షు పెట్టి ఆమె వదిలించే వాసన అదే.

 పోతే పోనీ అన్నాడు. హాయిగా ఇంట్లో ఉండు అన్నాడు. షాపు నుంచి బాగై వచ్చిన పెట్టె తెల్లారేసరికి పాడైంది. ఇంట్లో గ్రీజు పట్టుకునే చేతులు ఇంకెవరివి? వరసగా అన్నీ వచ్చి ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ఎక్కడా ఖాళీ కనపడలేదు ఆమెకి.

మధ్యాహ్నం అతను డ్యూటీ దిగి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. తండ్రీ పక్కనే కూర్చున్నాడు. పున్నమ్మ చేపల పులుసు వడ్డిస్తోంది. జ్యోతిర్మయి ఆ కాగితం తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

“ఏంటిది?” అన్నాడు దుర్గాశ్రీనివాస్.

“వాసన చూడండి.”

చూశాడు. “గ్రీజు.”

“నా హెడ్‌ఫోన్ పిన్నుకి ఉంది. కన్నంలో కూడా ఉంది. నేను ఉద్యోగం చెయ్యడం ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పొచ్చుగా? చెవులు చూపిద్దామా అని ప్రేమ ఒలకబోసి, వెనకాల నుంచి ఇలాంటి పనులెందుకు?”

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. “నేను రాశానంటావా?”

“ఈ ఇంట్లో గ్రీజు చేతులు ఇంకెవరికున్నాయి?”

“ఆ అమ్మోనియా కంపులో నిలబడి నిలబడి ఇంటికొచ్చేది నీ పిన్నులకి గ్రీజు రాయడానికా? నీ కంటికి నేనట్లా కనపడుతున్నానా?” అతను కంచం ముందుకు తోసేశాడు. పులుసు చాప మీదికి ఒలికింది.

“అన్నం ముందు ఏంట్రా ఇది! నువ్వైనా ఊరుకోవే,” అంది పున్నమ్మ.

“ఊరుకునే వచ్చాను అత్తయ్యా ఇన్నాళ్ళూ! గుడివాడవాడు చెవుల్లేవన్నాడు, ఊరుకున్నాను. షాపువాడు చేతుల్లేవన్నాడు, ఊరుకున్నాను. మీ అబ్బాయి చేసిందానికి కూడా ఊరుకోవాలా?”

అంకమ్మరావు ముగ్గురి మొహాలకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎవరి పెదాలూ ఆయనకి అందలేదు. కంచం పక్కనున్న కాగితం తీసుకుని వాసన చూశాడు. ఆయన మొహం విప్పారింది. ఎంగిలిచెయ్యి అలాగే పట్టుకుని లేచి లోపలికెళ్ళి, పాలపొడి డబ్బా ఒకటి ఎడంచేత్తో తెచ్చి కోడలి ముందు పెట్టాడు. మూత తీశాడు. లోపల ముదురు తేనె రంగు గ్రీజు, అందులో గుచ్చి ఉన్న ఒక చీపురుపుల్ల, దాని చివర గుడ్డపేలిక.

“ఇది మామూలుది కాదమ్మా. బోటు బ్యాటరీలకి రాసేది. ఉప్పుగాలికి ఇనుమన్నది ఏదైనా పుచ్చిపోద్ది. మా బోటులో వైరు చివర్లన్నిటికీ నేనే రాసేవోణ్ణి, ఒక్కటి చెడలా. పొద్దున నువ్వు వంటింట్లో ఉంటావుగా, అప్పుడు రాస్తన్నా రోజూ. నీ చేతులకి అంటకుండా పైపైన తుడిచేస్తన్నా. మొన్న ఊళ్ళోకి తీసుకెళ్ళొచ్చామా, గాలి తగిలిందని కన్నంలోక్కూడా కాస్త పెట్టా.”

అంత గర్వంగా చెప్పాడు.  దుర్గాశ్రీనివాస్ తల దించుకున్నాడు.

జ్యోతిర్మయిలో పోగుపడిందంతా ఆ గర్వం చూసేసరికి ఒక్కసారి తెగింది. ఎవరి మీద పడాలో అది చూసుకోలేదు.

“దానివల్లే సౌండు పోయింది!” అని అరిచింది. “మీరే పాడు చేశారు! మీకు వినపడదు! మీకు చెవుడు మావయ్యా, చెవుడు! ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు మీకు!”

రోజూ అందరూ అరిచే అరుపులకంటే అదేం పెద్దది కాదు. అయినా ఆయనకి అందింది. పెదాల మీంచి అందిందో, మొహం మీంచి అందిందో. పున్నమ్మ చేతిలో గరిటె పులుసు గిన్నెలోకి జారిపోయింది.

“అవునమ్మా,” అన్నాడు అంకమ్మరావు. డబ్బా మూత పెట్టాడు. సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టాడు. “అది శబ్దం చేసే మిషనని నాకేం తెలుసు? చెయ్యి పెడితే వణుకుద్ది. నడస్తందనుకున్నా.” తన రెండు చెవులూ చూపించాడు. “నువ్వు చెవులకి ఆ డిప్పలు పెట్టుకుంటావుగా. శబ్దం పడకుండా పెట్టుకుంటన్నావేమో అనుకున్నా. మా ఓనరు కూడా ఇంజను కాడ చెవుల్లో దూది పెట్టుకోరా అనేవోడు. నేను పెట్టుకోలా. నువ్వు పెట్టుకుంటన్నావు, తెలివైన పిల్లే అనుకున్నా.”

చెయ్యి కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వెళ్ళాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

జ్యోతిర్మయి గోడకి ఆనుకుని నిలబడింది. కోపం ఇంకా ఒంట్లోనే ఉంది. కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డాక్టరు మాట వినపడకపోతే గీత పెట్టే మనిషి, మొగుడి దగ్గరికొచ్చేసరికి ఒక్క గీత పెట్టకుండా పేజీ పేజీ ఊహించి రాసేసింది. దుర్గాశ్రీనివాస్ లేచి, ఫ్యాక్టరీ సంచీలోంచి చిన్న సీసాలో పెట్రోలూ కాస్త దూదీ తీసి, బల్ల మీద పెట్టి, ఆమె వైపు చూడకుండా బయటికెళ్ళిపోయాడు.

ఆమె కంప్యూటర్ ఆపి ప్లగ్గు తీసింది. పిన్ను తుడిచింది. అగ్గిపుల్లకి దూది చుట్టి కన్నంలో తిప్పింది. నల్లగా వచ్చింది. దూది మార్చింది. తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉంది. వాసనంతా పోయేదాకా కిటికీ తెరిచి కూర్చుని, అప్పుడు ప్లగ్గు పెట్టి శనివారం ఫైలు వేసింది. డాక్టరు దగ్గు కూడా వినపడింది. చీకటి పడకముందే ఫైలు పూర్తయింది.

మర్నాడు ఆ ఫైలు బస్సులో పంపేస్తే సరిపోయేది. కానీ రిమార్కు అలాగే ఉంటుంది. తనే వెళ్ళి అది తీయించాలనుకుంది. చెప్పులేసుకుని గడప దిగేసరికి అరుగు మీద అంకమ్మరావు ఇస్త్రీ పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“నేను చెప్తా ఆళ్ళకి. తప్పు నాది,” అన్నాడు.

“వద్దు మావయ్యా, నేను చెప్పుకుంటాను!”

ఆయన వినపడనట్టే ముందు నడిచాడు. నిజంగానే వినపడలేదో, ఈసారి మాత్రం వాడుకున్నాడో ఆమెకి తెలియలేదు. నిన్నటి మాటకి ఆమె ఇంకా ఏమీ చెప్పుకోలేదు. ఆయనతో ఏం చెప్పాలన్నా అరవాలి. క్షమించమని అరవడం ఎలాగో ఆమెకి చేతకాలేదు.

గుడివాడ ఆఫీసులో వరసగా కంప్యూటర్లు, వాటి ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్ళు, ఆడపిల్లలు. రాజ్‌కుమార్ ఆమె చెప్పేది సగం విన్నాడు. గ్రీజు అనగానే వీపు వెనక్కి వాల్చి పెద్దగా నవ్వాడు.

“ఒరేయ్, ఇటు రండ్రా! హెడ్‌ఫోన్‌కి గ్రీజంట! బోటు గ్రీజు!” అని పిలిచాడు. హెడ్‌ఫోన్లు మెడల మీదికి దిగాయి. నలుగురు కుర్చీలు తిప్పారు.

అంకమ్మరావు చేతులు జోడించి ముందుకొచ్చాడు. “తప్పు నాదండీ. అమ్మాయి చెవులు బంగారమండీ. నేనే తెలవక రాశా.” గదిలో గొంతు ఎంత పెట్టాలో ఆయనకి తెలియదు. సముద్రం మీద పక్క బోటుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“అయితే తాతగారూ, కీబోర్డుకి ఆముదం రాయలేదా?” అన్నాడెవడో. “చెవుడ్రా, గట్టిగా అడుగు,” అన్నాడు ఇంకొకడు. అందరూ విరగబడి నవ్వారు. నవ్వుతున్న మొహాలు చూసి, సంగతి సర్దుకుందని కాబోలు, అంకమ్మరావు కూడా నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు.

జ్యోతిర్మయి మావగారి ముందుకొచ్చి నిలబడింది. చెవుడన్న మాట నిన్న తనే అంది. ఆ మాట వీళ్ళ నోట వింటుంటే చెంపలు వాయించాలనిపించింది, ముందు ఎవరివో తెలియలేదు.

“నవ్వింది చాలు,” అంది. గట్టిగా అనలేదు గాని కుర్చీలు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగాయి. తెచ్చిన ఫ్లాపీ రాజ్‌కుమార్ ముందు పెట్టింది. “శనివారం ఫైలు ఇది. ఇంట్లో ఎవరైనా సాయం చేశారని మళ్ళీ అంటారు. అందుకని మీ కంప్యూటర్ మీద, మీ హెడ్‌ఫోన్‌తో, మీకిష్టమైన ఫైలు వెయ్యండి. ఇక్కడే చేస్తాను.”

“అబ్బే, ఎందుకండీ అంత పట్టింపు?”

“వెయ్యండి.”

వేశాడు. కావాలనే వేశాడో ఏమో, మాటలు మింగేసే డాక్టరు ఫైలు. జ్యోతిర్మయి కూర్చుని చేసింది. పక్కన స్టూలు మీద అంకమ్మరావు గొడుగు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి ఒకసారి పెట్టె మీదికి వెళ్ళబోయి, ఆగి, ఒళ్ళోకి వచ్చేసింది. అది చూసినప్పుడు ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

రాజ్‌కుమార్ దిద్దడానికి కూర్చున్నాడు. చివర్లో వేలు పెట్టి, “ఇదిగో, ఇక్కడ మళ్ళీ గీత,” అన్నాడు.

“అక్కడ దగ్గాడండి. దగ్గు కింద మాటేంటో మీకు వినపడితే చెప్పండి.”

విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. “మిగతావాళ్ళు ఇక్కడ ఏదో రాశారే,” అన్నాడు.

“ఏం వినపడి రాశారు?”

అతను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. “సరే, సోమవారం నుంచి మామూలు ఫైళ్ళు పంపిస్తాం,” అన్నాడు.

“రిమార్కు తీసెయ్యండి.”

“తీసేస్తాను లెండి, తర్వాత.”

“ఇప్పుడు తీయండి. నేను చూస్తాను.”

అతను విసుగ్గా తన తెర తిప్పి ఆ రెండు మాటలూ కొట్టేశాడు. ఆమె చూసి, మావగారి మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

బందరు బస్సులో కిటికీ పక్కన ఆయన్ని కూర్చోబెట్టింది. గుడ్లవల్లేరు దాటాక ఆయన అడిగాడు. “ఏమన్నారమ్మా?”

“ఉద్యోగం ఇచ్చారు మావయ్యా!” అని అరిచింది. ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు.

“నే చెప్పబట్టి ఇచ్చారు,” అన్నాడు సంతోషంగా. మళ్ళీ కాసేపటికి, “అంతలా నవ్వారేంటి ఆళ్ళు? ఏమని నవ్వారు?” అన్నాడు.

ఆయన కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. ఇంటికెళ్ళాక మొగుడికి చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఈయనకి చెప్పుకోవాల్సింది ఇంకోటుంది. కానీ ఆయన అడుగుతున్నది వేరే. మీకు వినపడదని నవ్వారు అని ఇంకోసారి అరవాలి ఇప్పుడు, బస్సంతా వినేలా.

“నన్ను చూసి నవ్వారు మావయ్యా!” అంది.

“నిన్నా?”

“నన్నే! నాకు పని రాదని!”

అంకమ్మరావు మొహంలో నవ్వు ఆరిపోయింది. “నిన్ను చూసి నవ్వుతుంటే మరి నాకు చెప్పలేదేం?” అన్నాడు. గొంతు బస్సంతా వినపడింది. “నేను కూడా నవ్వానే! ఆళ్ళతో కలిసి నేనూ నవ్వానే!” గొడుగు పట్టుకుని లేచి నిలబడ్డాడు. “బస్సాపమను. ఎనక్కెళ్దాం.”

“కూర్చోండి మావయ్యా,” అంది ఆమె.  చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆయన కూర్చున్నాడు. పెదన దాటి బందరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు గాని, కోడలి మొహంలోకి చూడలేకపోయాడు.